టీకా తర్వాత, టీకా వల్ల

మా మనవడికి పద్నాలుగు వారాలు నిండిన బుధవారం నాటి సంగతి ఇది. మా అమ్మాయి పురిటికి వచ్చి అప్పటికింకా మా ఇంట్లోనే ఉంది. ఇద్దరం వాణ్ణి ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. ఎడమ తొడకి ఒకటి, కుడి తొడకి ఒకటి, చేతికి ఇంకో చిన్నది, మొత్తం మూడు సూదులు. నోట్లో చుక్కలు సరేసరి. నర్సమ్మ కార్డు మీద రాసిచ్చి, అరగంట కూర్చుని వెళ్ళమంది. కూర్చున్నాం. ఇంకా ఏవో చెప్పింది కానీ, మావాడి ఏడుపులో, వెనక వరసలో ఉన్న మరో నలుగురు పిల్లల ఏడుపులో మాకేమీ చెవిన పడలేదు.

సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. రాత్రి పదయ్యేసరికి ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటర్ పెడితే 101.4. కుడి తొడ మీద సూది వేసినచోట రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా గడ్డ కట్టింది. కాలు ముట్టుకుంటే కెవ్వుమంటున్నాడు. పాలు సరిగ్గా తాగడం లేదు. నేను తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే, మా అమ్మాయి పక్కన కూర్చుని ఏడుస్తోంది.

ముందు గదిలో పడుకున్న మా అమ్మ లేచి వచ్చింది. ఆవిడకి 84 ఏళ్ళు. గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది.

"వద్దంటే విన్నారా? నా బాబు కూడా ఇలాగే పోయాడు."

ఆ 'బాబు' మా తమ్ముడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పది నెలలవాడు, పోయాడు. "సూది వికటించి పోయాడు" అన్న మాట మా ఇంట్లో నేను యాభై ఏళ్ళుగా వింటున్నాను. మా అమ్మాయి కూడా చిన్నప్పటినుంచీ వింటూనే పెరిగింది. అందుకే ఆ రాత్రి దాని ముఖంలో రంగు పోయింది.

తెల్లారేసరికి జ్వరం తగ్గింది. మూడో రోజుకి గడ్డ మెత్తబడింది. వాడు మళ్ళీ కాళ్ళు ఆడిస్తూ నవ్వాడు. మా అమ్మాయి మాత్రం, "తొమ్మిదో నెల టీకా వేయించనమ్మా, నా వల్ల కాదు" అని తేల్చి చెప్పేసింది. మా వియ్యపురాలు కూడా ఫోన్లో, "మన రోజుల్లో ఇన్ని సూదులెక్కడివి వదినగారూ? పిల్లలు పెరగలేదా?" అన్నారు. ఆవిడకి అప్పటికప్పుడు ఏం చెప్పాలో నాకు తోచలేదు. పెరగనివాడు ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు కదా అని మాత్రం అనిపించింది.

పెళ్ళికి ముందు నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నానండీ. ఏ విషయమైనా దాని మొదలెక్కడో తెలిస్తే గానీ నాకు మనసు కుదుటపడదు. కార్డు చూస్తే, కుడి తొడకి వేసిన సూది పేరు పీసీవీ అని ఉంది. న్యూమోకోకల్ టీకా. మనం 'నిమ్ము' అంటామే, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, దానికి పెద్ద కారణాల్లో ఒకటైన క్రిమి మీద టీకా. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక దాని కథ చదవడం మొదలుపెట్టాను. మీక్కూడా చెప్తాను.

ఈ క్రిమిని 1881లో ఒకేసారి ఇద్దరు కనిపెట్టారు. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచి చనిపోయిన ఒక బిడ్డ లాలాజలంలో చూశాడు. అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ అనే సైనిక వైద్యుడు తన లాలాజలంలోనే చూశాడు. అంటే ఆరోగ్యంగా తిరిగే మనిషి నోట్లో, గొంతులో కూడా ఇది ఉంటుందన్నమాట. చిన్నపిల్లల ముక్కుల్లో, గొంతుల్లో మరీ ఎక్కువ. చాలామందిని ఏమీ చెయ్యదు. కొందరిలో మాత్రం ఊపిరితిత్తుల్లోకో, రక్తంలోకో, మెదడు పొరల్లోకో దిగిపోతుంది.

దీనికి టీకా వెయ్యాలని మొదట పెద్ద ఎత్తున ప్రయత్నించింది 1911లో, దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. మొజాంబిక్, ఇప్పటి మలావీ వంటి వేడి ప్రాంతాల నుంచి తెచ్చిన కూలీలు, ఇరుకు బస్తీల్లో ఉంటూ, నిమ్ముతో గుంపులు గుంపులుగా చనిపోయేవారు. గనుల యజమానులు ఇంగ్లండు నుంచి ఆల్మ్‌రోత్ రైట్ అనే పెద్ద డాక్టర్ని పిలిపించారు. ఆయన అంతకుముందు టైఫాయిడ్ టీకా తయారుచేసినవాడు. చంపిన క్రిముల్ని అలాగే సూదిలోకి ఎక్కించి వేలాదిమంది కూలీలకి వేశారు. ఫలితం మాత్రం గట్టిగా తేలలేదు. ఈ క్రిమిలో ఒక రకం కాదు, చాలా రకాలున్నాయని, ఒకదానికి వేసిన టీకా ఇంకోదాన్ని ఆపదని అప్పటికి సరిగ్గా తెలియదు. ఈరోజు లెక్క ప్రకారం ఆ రకాలు వంద దాకా ఉన్నాయి.

1923లో అమెరికాలో ఎవరీ, హైడెల్‌బర్గర్ అనే ఇద్దరు, ఈ క్రిమి చుట్టూ ఉన్న జిగురు పొర ఒక రకం చక్కెర పదార్థమని, ఒక్కో రకానికి ఒక్కో పొర అని తేల్చారు. మన శరీరం ఈ క్రిమిని గుర్తుపట్టేది ఆ పొరనిబట్టే. ఇక మొత్తం క్రిమిని సూదిలో ఎక్కించాల్సిన పని లేకపోయింది, పొర చాలు. చంపిన క్రిమి మొత్తం వేస్తే శరీరం దానిలోని పనికిరాని సరుకుమీద కూడా విరుచుకుపడుతుంది. పొర ఒక్కటే అయితే ఆ రగడ తక్కువ.

ఆ పొర టీకాని 1944లో అమెరికాలో సూ ఫాల్స్ అనే ఊళ్ళోని సైనిక శిబిరంలో పరీక్షించారు. దాదాపు 17 వేలమంది సైనికులు. సగంమందికి టీకా, సగంమందికి ఉప్పు నీళ్ళు. టీకాలో ఉన్న నాలుగు రకాల వల్ల వచ్చిన నిమ్ము, ఉప్పు నీళ్ళవాళ్ళలో 26 మందికి, టీకావాళ్ళలో నలుగురికి.

ఈ ఉప్పు నీళ్ళ సగం దగ్గర నేను ఆగిపోయాను. టీకా పనిచేసిందా లేదా అని తెలుసుకోవడానికే కాదు, టీకా ఏ ఇబ్బంది పెట్టిందో తెలుసుకోవడానికి కూడా ఆ రెండో సగం కావాలి. సూది వేసిన రాత్రి వందమందిలో పదిమందికి తలనొప్పి వచ్చిందనుకోండి. ఉప్పు నీళ్ళవాళ్ళలోనూ పదిమందికి వస్తే, అది టీకా తర్వాత వచ్చింది, అంతే. టీకా వల్ల కాదు. టీకావాళ్ళలో నలభైమందికీ, వీళ్ళలో పదిమందికీ వస్తే, అప్పుడు ఆ తేడా టీకాది. 'తర్వాత'కీ 'వల్ల'కీ మధ్య తేడా ఇంత చిన్న ఉపాయంతో తేలుతుంది. ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం అది తేలదు. మన బిడ్డకి రెండో సగం ఉండదు కదా.

ఆ తర్వాత కథ విచిత్రంగా నడిచింది. టీకా మార్కెట్లోకి వచ్చే సమయానికే పెన్సిలిన్ వచ్చేసింది. జబ్బు వస్తే మందు ఉండగా ముందుగా సూది ఎందుకని డాక్టర్లే పట్టించుకోలేదు. 1954లో టీకాని మార్కెట్లోంచి తీసేశారు. ఒక్కడు మాత్రం ఊరుకోలేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేసిన రాబర్ట్ ఆస్ట్రియన్ అనే డాక్టరు పదేళ్ళపాటు రోగుల లెక్కలు కూడబెట్టి, 1964లో జెరోమ్ గోల్డ్‌తో కలిసి ప్రచురించాడు. క్రిమి రక్తంలోకి దిగినవాళ్ళు పెన్సిలిన్ ఇచ్చినా చనిపోతున్నారు. జబ్బు మొదలైన తొలి ఐదు రోజుల్లో పోయేవాళ్ళని మందు దాదాపు ఆపలేకపోతోంది. కాబట్టి ముందే అడ్డుకోవాలి అన్నాడు. ఆయన పట్టుదలతోనే టీకా మళ్ళీ బతికింది. దక్షిణాఫ్రికా గనుల్లోనే మళ్ళీ పరీక్షలు జరిగి, 1977లో 14 రకాల టీకా, 1983లో 23 రకాల టీకా వచ్చాయి.

ఐదు రోజులు అన్న మాట చదివిన రోజున నేను ఫోన్ పక్కన పెట్టి అమ్మ దగ్గరకి వెళ్ళాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీశాను.

"అమ్మా, తమ్ముడికి సూది ఎందుకు వేయించారు?" అని అడిగాను. యాభై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు నేను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మొదట జలుబు. రెండో రోజు జ్వరం. ఆ రాత్రినుంచే డొక్కలెగరేస్తున్నాడు. ఎవరో పసరు పోయమంటే పోశారు. తాయెత్తు కట్టించారు. నాన్న ఊళ్ళో లేడు. ఆయన వచ్చాక, ఐదో రోజు, బస్సెక్కి టౌన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు చూసి సూది వేశాడు. ఆ రాత్రే పోయాడు.

"అప్పటికి పెదవులు నీలంగా అయిపోయాయే" అంది అమ్మ. "పాలు కూడా లాగడం లేదు."

అది ఏ క్రిమో ఎవరూ పరీక్షించలేదు. ఇదే అని నేను చెప్పలేను. కానీ వాడికి వేసింది టీకా కాదు. అప్పటికే ముదిరిన జబ్బుకి వేసిన మందు. సూది తర్వాత పోయాడన్నది నిజం. సూది వల్ల పోయాడని అనుకోవడానికి మాత్రం నాకేమీ కనబడలేదు.

ఆ మాట అమ్మకి చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ సూది వికటించింది అనుకుంటే తప్పు సూదిది. కాదంటే ఆ నాలుగు రోజులూ ఏం చేశామన్న ప్రశ్న మిగులుతుంది. ముప్పై నాలుగేళ్ళ వయసులో, బస్సు రోజుకి రెండుసార్లు వచ్చే ఊళ్ళో, మగదిక్కు లేకుండా ఆవిడ ఏం చెయ్యగలదు? ఈనెలు తీయడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

సరే, టీకా సంగతికి వద్దాం. పెద్దవాళ్ళ పొర టీకా రెండేళ్ళలోపు పిల్లల్లో సరిగ్గా పనిచేయదు. పసివాళ్ళ శరీరం ఆ చక్కెర పొరని పట్టించుకోదు. అందుకని ఆ పొరని ఒక మాంసకృత్తుకి అతికించి ఇచ్చే పద్ధతి కనిపెట్టారు. అలాంటి మొదటి టీకా, ఏడు రకాలది, 2000లో అమెరికాలో వచ్చింది. దానికి ముందు కాలిఫోర్నియాలో 37,868 మంది పిల్లల మీద పరీక్ష జరిగింది. ఇక్కడా రెండు సగాలు. ఒక సగానికి ఇది, రెండో సగానికి వేరే జబ్బు టీకా. ఆఫ్రికాలోని గాంబియాలో 17,437 మంది పిల్లల మీద తొమ్మిది రకాల టీకాని పరీక్షించి 2005లో ఫలితం చెప్పారు. టీకా వేసిన సగంలో, అన్ని కారణాలూ కలిపి చూసినా, పిల్లల మరణాలు 16 శాతం తగ్గాయి. వంద మరణాలు జరిగే చోట పదహారు తగ్గడమంటే ఏమిటో మా అమ్మకి బాగా తెలుసు.

మరి ఇబ్బందులు? ఉన్నాయండీ. లేవని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. అమెరికాలో టీకా వేసేముందు తల్లిదండ్రుల చేతికి ఒక కాగితం ఇవ్వాలని 1986 నాటి చట్టం ఉంది. 13 రకాల టీకా గురించి అలాంటి కాగితాన్ని న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు కూతురు దాచుకుంది. ఫొటో తీసి పంపమన్నాను. సుమారు సగంమంది పిల్లలకి మగత, ఆకలి మందగించడం, సూది వేసినచోట ఎరుపు లేదా నొప్పి. మూడోవంతు మందికి వాపు. మూడోవంతు మందికి కొద్దిపాటి జ్వరం. ఇరవైమందిలో ఒకరికి 102.2 దాటిన జ్వరం. పదిమందిలో ఎనిమిదిమంది దాకా చిరాకు, పేచీ. మా వాడి రాత్రంతా ఆ కాగితంలో ఉంది. 101.4తో సహా.

ఆ జ్వరం ఈ టీకాదేనా అంటే అదీ చెప్పలేం. అదే రోజు ఎడమ తొడకి వేసిన పెంటావాలెంట్‌కి కూడా జ్వరం వస్తుంది. కుడి తొడ మీద గడ్డ మాత్రం పీసీవీదే.

అరుదైనవి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో 2010-11 చలికాలంలో, ఈ టీకానీ ఫ్లూ టీకానీ ఒకే రోజు వేసుకున్న చిన్నపిల్లల్లో జ్వరం ఫిట్స్ కొంచెం ఎక్కువగా కనిపించాయి. దాన్ని దాచలేదు, తల్లులకిచ్చే కాగితంలోకి ఎక్కించారు. తీవ్రమైన అలర్జీ ఏ టీకాకైనా రావచ్చు. సుమారు పది లక్షల డోసుల్లో ఒకటి. అది సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే బయటపడుతుంది. నర్సమ్మ అరగంట కూర్చోమన్నది అందుకే. ఆలస్యం చేయడానికి కాదు.

పెద్దవాళ్ళకి వేసే 23 రకాల టీకాకి సగంమందికి చెయ్యి నొప్పో, ఎరుపో వస్తుంది. జ్వరం నూటికి ఒకరికన్నా తక్కువ. అదే టీకా రెండోసారి వేసుకుంటే వాపు ఎక్కువ. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో, ఐదేళ్ళో ఇంకా ఎక్కువో ఆగి రెండోసారి వేసుకున్నవాళ్ళలో 11 శాతం మందికి నాలుగంగుళాలకి తగ్గని వాపు వచ్చింది. మొదటిసారి వేసుకున్నవాళ్ళలో 3 శాతానికి. చాలామందికి మూడు రోజుల్లో తగ్గిపోయింది. మావారికి షుగరు ఉందని డాక్టరు గారు ఈ టీకా రాసినప్పుడు, వేయించిన తేదీ క్యాలెండర్ వెనక కాకుండా డైరీలో రాశాను.

ఇంకొకటి మన ఇళ్ళలో జరిగేది. "సూదికి వెళ్ళేముందే జ్వరం చుక్కలు పోసెయ్యి, జ్వరమే రాదు" అని పక్కింటావిడ చెప్పింది. నేనూ నిజమేననుకున్నాను. చెక్ దేశంలో 459 మంది పసిపిల్లల మీద చేసిన పరీక్ష 2009లో వెలువడింది. ముందుగా పారాసిటమాల్ ఇచ్చినవాళ్ళలో 42 శాతానికి, ఇవ్వనివాళ్ళలో 66 శాతానికి జ్వరం వచ్చింది. కానీ మందు ముందుగా ఇచ్చిన పిల్లల్లో టీకా వల్ల పుట్టాల్సిన రక్షణ పదార్థాలు, అంటే యాంటీబాడీలు, తక్కువగా పుట్టాయి. జ్వరం వచ్చాక, బిడ్డ బరువుని బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వడం వేరు. రాకముందే పోసెయ్యడం వేరు. గడ్డ మీద రుద్దడం, పసుపు పట్టు వెయ్యడం కూడా వద్దు.

మన దేశంలో ఈ టీకాని ప్రభుత్వం 2017లో హిమాచల్‌లోనూ, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని జిల్లాల్లోనూ మొదలుపెట్టింది. 2021లో దేశమంతా, మన రెండు రాష్ట్రాలతో సహా, ఉచితంగా వచ్చింది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. 2020 చివర్లో పుణెలో తయారైన టీకా వచ్చింది. 2022లో మన హైదరాబాద్‌లో తయారైన 14 రకాల టీకాకి కూడా అనుమతి దొరికింది.

ఇదంతా మా అమ్మాయికి ఒక్కసారిగా చెప్పలేదు. న్యూజెర్సీ కాగితం మాత్రం చూపించాను. చదివి, "ఇది నాకు ముందే ఎవరైనా చెప్పుంటే అంత భయపడేదాన్ని కాదు కదమ్మా" అంది. మన దగ్గర కూడా నర్సమ్మలు నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ఏ టీకా వేశారు, దానికి ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్త చెయ్యమని కూడా. ఆ రోజు చెప్పే ఉంటుంది. మాకు వినబడలేదు. వినబడకపోతే మళ్ళీ అడగాల్సింది మేమే.

తొమ్మిదో నెలకి మా అమ్మాయి అత్తవారింట్లో ఉంది. వేయిస్తుందో లేదో నేను ఫోన్ చేసి అడగలేదు. ఓ బుధవారం రాత్రి తనే చేసింది.

"వేయించానమ్మా. నర్సమ్మని నాలుగూ అడిగి రాసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి 100.6. పాలు తాగుతున్నాడు. ఆగకుండా మూడు గంటలు ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసపడినా, ముఖం వాచినా, మరీ వడిలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తాం. అత్తయ్యగారికి కూడా చెప్పాను."

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది, వాడెలా ఉన్నాడని. కొంచెం జ్వరం, పాలు తాగుతున్నాడని చెప్పాను.

"డొక్కలెగరేయడం లేదుగా?" అంది.

లేదన్నాను. "అయితే పర్లేదు" అని దుప్పటి కప్పుకుని పడుకుంది.

మీ ఇంట్లో కూడా పసివాళ్ళుంటే ఓ చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తేదీన ఏ సూది, ఏ కాలికి, ఎన్నింటికి జ్వరం, ఎంత, ఎప్పుడు తగ్గింది, అన్నీ రాయండి. రేపు ఎవరైనా "సూది వల్ల" అన్నప్పుడు, డాక్టరు గారి ముందు పెట్టడానికి మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది. మా ఇంట్లో అలాంటి కాగితం లేక, ఒక మాట యాభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.